మరదలి ఊపిరీ, పగడాల ఓర్పూ

ఆ ఇంట్లో హాలు గుమ్మం మీద ఒక రేకు పలక ఉండేది. ఏదో పాత లిఫ్టులోంచి ఊడదీసి తెచ్చింది. దాని మీద మొదట "ఒకేసారి నలుగురికి మించరాదు" అని ఉండేది. ఇంటాయన "నలుగురికి" అన్న మాట మీద తెల్ల కాగితం అంటించి, "ఇద్దరికి" అని రాశాడు.

ఆయన్ని ఆ వీధిలో అందరూ లిఫ్టాయన అనేవాళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లిఫ్టులు బాగుచేశాడు. బరువు మించితే తాడు ఏమంటుందో చెవి పెట్టి విని చెప్పగలడు. రిటైరయ్యాక ఆయన చేతిలోంచి తాళ్ళు పోయి సముద్రం వచ్చింది. సముద్రమంటే హాల్లో గోడ పొడవునా పెట్టిన గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళను పట్టుకుని బతికే పగడాలు, నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపలు రెండు. పగడాలంటే నగల్లో పొదిగేవి కావు, ప్రాణమున్నవి. పొద్దున దీపం వెలిగితే వేళ్ళు చాపుతాయి. నీళ్ళు నచ్చకపోతే ముడుచుకుని కూర్చుంటాయి. పెళ్ళయిన కొత్తలో కూడా ఈయన నన్నింతసేపు చూడలేదు అని ఆయన భార్య అనేది. ఆవిడను చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలిచేవాళ్ళు.

తొట్టి పక్కన చిన్న పెట్టె. దాని మొహాన ఆకుపచ్చగా వెలిగే అంకె. దాని పేరు పీహెచ్. ఆ అంకె ఎనిమిది పాయింట్ ఒకటి దగ్గరుంటే ఇల్లు చల్లగా ఉంటుంది. ఎనిమిదికి కిందికి జారితే లిఫ్టాయనకు గొంతులో ముద్ద దిగదు. ఆ జారడానికి కారణం కూడా ఆయనే కనిపెట్టాడు. మూసిన గదిలో మనుషులు ఊపిరి వదిలితే ఆ చెడ్డగాలి నీళ్ళలో కరుగుతుంది, నీళ్ళు పులుస్తాయి, అంకె పడిపోతుంది. ఈ సంగతి ఆయనకు అక్క తమ్ముడు చూడ్డానికి వచ్చిన రోజున తెలిసింది. తమ్ముడు భారీ మనిషి. సోఫాలో కూర్చుని తన మోకాళ్ళ నొప్పుల గురించి వివరంగా చెబుతుంటే అంకె పాయింట్ రెండు దిగింది. ఆ రోజు నుంచి అతని పేరే పాయింట్ రెండు అయిపోయింది. పై అంతస్తు టీచరమ్మ పాయింట్ ఒకటి. ఆవిడ భర్త పెద్దగా మాట్లాడడు కాబట్టి అర పాయింట్. పలక వేలాడిన దగ్గర్నుంచి చుట్టాలకు కుర్చీలు మెట్ల మీద వేసేవాళ్ళు. టీ అక్కడే, కబుర్లక్కడే. లోపలికి రావాలనుకుంటే ఇంటివాళ్ళలో ఒకరు బయటికి రావాలి.

అక్కకు ఇది మరీ అంత బాధనిపించలేదు. వచ్చినవాళ్ళు వెళ్తారు, అదొక్కటే ఆవిడకు పడదు. ఎవరైనా లేచి చెప్పులు వెతుక్కుంటుంటే ఆవిడ గుండె తుమ్మితే ఊడే ముక్కులా ఉంటుంది. వెంటనే స్నానాలగదిలోకి పోయి కొళాయి తిప్పుతుంది. నీళ్ళ చప్పుడు ఆగేసరికి వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. మెట్ల మీద నుంచే వెళ్ళిపోయేవాళ్ళు సగం వచ్చినట్టు, సగం వెళ్ళినట్టు. ఏడిస్తే సగమే ఏడవచ్చు.

ఆ హాల్లో ఒక్కటే కిటికీ. దానికి మేకులు కొట్టించింది కూడా అక్కే. అక్కడ నిలబడితే వీధి చివర మలుపు కనబడుతుంది. వెళ్ళేవాళ్ళెవరైనా అక్కడ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతారు, ఆ తర్వాత మలుపు వాళ్ళను మింగేస్తుంది. అక్క వాళ్ళమ్మ ఒకసారి అలాగే తిరిగి చెయ్యి ఊపింది. అదే ఆఖరు చూపయింది. ఆవిడ పోయిన కబురు వచ్చిన మర్నాడే అక్క వడ్రంగిని పిలిపించింది. దుమ్ము ఎక్కువగా వస్తోందని మొగుడికి చెప్పింది. ఆయన నమ్మాడు. దుమ్ము చేపలకు మంచిది కాదని తర్వాత ఎక్కడో చదివి, భార్య ముందుచూపును మెచ్చుకున్నాడు కూడా.

ఇలా ఉండగా అక్క చెల్లెలు వచ్చింది.

చెల్లెలు బస్టాండులో అనౌన్సరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. ఊళ్ళోంచి కదిలిన ప్రతి బస్సూ ఆవిడ నోటి మీదుగానే కదిలింది. మైకు చెడిపోయిన రోజుల్లో మైకు లేకుండానే చెప్పేదట, ప్రయాణికులకు తేడా తెలిసేది కాదట. ఒంటరి మనిషి. ఆవిడ అద్దెకున్న మేడను పడగొడుతున్నారు. నాలుగు రోజులుండి పోతానని ఒక ట్రంకుపెట్టె, ఒక కుట్టుమిషను దింపుకుంది. నాలుగు రోజులకు కుట్టుమిషనెందుకో ఎవరూ అడగలేదు. అక్క అడగకుండానే దానికి మంచం పక్కన చోటు చేసింది. పొద్దున్నే లేచి చెల్లెలి గురక వింటుంటే ఆవిడకు చిన్నప్పటి ఇల్లు మళ్ళీ దొరికినట్టుండేది.

అంకె మాత్రం ఏడు పాయింట్ ఎనిమిదికి దిగి కూర్చుంది.

"బావగారూ, మీ పెట్టె నన్ను చూసి మొహం మాడ్చుకుంటోంది" అంది చెల్లెలు.

"నిన్ను చూసి కాదు మరదలా, నీ ఊపిరి చూసి."

"పోనీ మానేస్తే ఉండనిస్తారా?"

"మానేయమని ఎవరన్నారు. కాస్త పొదుపు చెయ్యమన్నాను."

"ముప్పై ఊళ్ళ పేర్లు ఒక్క గుక్కలో చెప్పినదాన్ని. పొదుపు నాకెక్కడ వస్తుంది."

అయినా పొదుపు చేసింది పాపం. తుమ్ము వస్తే మెట్ల మీదికి పరిగెత్తేది. కూరలు ఏం కావాలో సైగలతో చెప్పేది. వంకాయకు చేసిన సైగను లిఫ్టాయన తన ముక్కు మీద వేళాకోళం అనుకుని ఒక పూట మాట్లాడలేదు. పగలంతా ఇంట్లో ఉండకూడదని చెల్లెలు వీళ్ళ మేడ లిఫ్టులో ఒక స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. కూర్చున్న నోరు ఊరుకోదు కదా. "రెండో అంతస్తు, టీచరమ్మ గారిల్లు, కుడిచేతి వైపు. దిగేవారు గొడుగు మరచిపోవద్దు" అని చెప్పేది. మేడలోవాళ్ళకు అది ఎంత అలవాటైపోయిందంటే, ఆవిడ టీకి దిగిన పావుగంటలో ఒకాయన తన అంతస్తు తెలుసుకోలేక పైకీ కిందికీ తిరిగాడు.

అంత చేసినా అంకె ఎక్కలేదు. ఒకరోజు పొద్దున టీ తాగుతూ లిఫ్టాయన చేపల వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయనకు చావు కబురు చల్లగా చెప్పడం చేతకాదు, అందుకని చేపలకు చెప్పాడు.

"ఆదివారం సాయంత్రానికి అంకె ఎనిమిది పాయింట్ ఒకటి ఉండాలి. లేకపోతే పగడాలు దక్కవు. అవతలి ఊళ్ళో ఆడవాళ్ళ హాస్టల్లో ఒక గది ఖాళీగా ఉందట. భోజనం బాగుంటుందట. కిటికీలు కూడా ఉన్నాయట."

చెల్లెలు గ్లాసు కింద పెట్టి, "అవతలి ఊరికి ఆదివారం రాత్రి ఆఖరి బస్సుంది. ఏడో నంబరు ప్లాట్‌ఫారం" అంది. చెప్పడమైతే నవ్వుతూనే చెప్పింది.

అక్క లేచి స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పింది. ఇంకా ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు, ముందుగానే తిప్పింది.

అక్క బడికి పోయింది తక్కువ. పొట్లం కాగితాలు చదివీ, మందుల డబ్బాల మీద రాతలు చదివీ చదువు నేర్చుకుంది. ఏది దొరికినా చివరిదాకా చదివేది. సగంలో వదిలేయడమంటే అదీ ఒక వెళ్ళిపోవడమే అని ఆవిడకు భయం. ఆ మధ్యాహ్నం మొగుడు కునుకు తీస్తుంటే ఆయన తొట్టి పుస్తకం తీసి, అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ చదివింది. చదివిందాన్ని తన మాటల్లోకి మార్చుకుంది. పీహెచ్ అంటే నీళ్ళ మొహం. ఎవరేమన్నా ఇట్టే మాడిపోతుంది, ఇట్టే విప్పారుతుంది. ఆల్కలినిటీ అంటే నీళ్ళ ఓర్పు. ఎంత పులుపు పడినా మొహం మారకుండా భరించే శక్తి. పగడాలు ఎముక కట్టుకునేది కూడా ఆ ఓర్పులోంచే. రోజూ కొంచెం తింటాయి, రోజూ కొంచెం పోయాలి.

ఆ ఓర్పును లిఫ్టాయన రోజూ సాయంత్రం కొలిచేవాడు. చిన్న గాజు సీసాలో తొట్టినీళ్ళు పట్టి, రంగు వేస్తే నీలంగా మారతాయి. ఆ తర్వాత ఇంకో మందు ఒక్కొక్క చుక్కే వేసి ఊపుతూ పోతే ఒక చుక్క దగ్గర నీలం తటాలున పసుపవుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో అంత ఓర్పున్నట్టు. ఎనిమిది చుక్కలుంటే సరిపోతుంది.

ఎనిమిది చుక్కల ఓర్పుతో తన చెల్లెల్ని భరించలేకపోతున్నాయి ఈ నీళ్ళు, ఇంకాస్త ఓర్పు పెంచితే పోలా అనుకుంది అక్క. ఓర్పు దేంతో పెరుగుతుందో పుస్తకంలో ఉంది. వంటసోడా. ఆవిడ నవ్వుకుంది. ఇంత సముద్రానికీ మందు తన వంటింట్లో, మూత విరిగిన డబ్బాలో ఉందన్నమాట. వెంటనే చెంచాడు సోడా గోరువెచ్చని నీళ్ళలో కలిపి తొట్టిలో పోసింది. చేపలు వచ్చి చూశాయి, పోయాయి. అంకె కదల్లేదు. సాయంత్రం ఇంకో చెంచా. మర్నాడు రెండు. తర్వాతి పేజీలో, మూసిన గదిలో అంకె వెంట పరిగెత్తి సోడా పొయ్యవద్దు, పోస్తే ఓర్పు పెరుగుతుంది గాని మొహం మారదు అని రాసి ఉంది. ఏదైనా చివరిదాకా చదివే మనిషి ఆ ఒక్క పేజీ దగ్గరే పుస్తకం మూసింది. లోపలి గదిలో చెల్లెలు ట్రంకుపెట్టె సర్దుతున్న చప్పుడు వినబడింది మరి.

ఆ వారమంతా ఇంట్లో వింత మర్యాదలు జరిగాయి. చెల్లెలు ఉన్నట్టుండి తొట్టి పైనున్న అటక తుడుస్తానంది. లిఫ్టాయన వంటింట్లో మూకుడు పెట్టి ఏదో తెల్లపొడి వేయిస్తూ కనిపించి, అక్క వస్తే మూకుడు మీద పళ్ళెం మూసి, "ఏం లేదులే" అన్నాడు. సాయంత్రం చుక్కలు తొమ్మిదయ్యాయి. మర్నాటికి పదకొండు. ఆ తర్వాత పధ్నాలుగు.

"ఆశ్చర్యంగా ఉందే" అన్నాడు లిఫ్టాయన. ఆశ్చర్యపోవాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే ఆశ్చర్యపోయాడు.

"ఆశ్చర్యమే మరి" అంది అక్క, చీర కొంగుకు అంటిన తెల్లపొడి దులుపుకుంటూ.

"మన నీళ్ళు మంచివి బావగారూ" అంది చెల్లెలు. ఆవిడ చేతివేళ్ళు ఎందుకో పగిలి ఉన్నాయి.

అంకె కూడా నెమ్మదిగా ఎక్కడం మొదలుపెట్టింది. ఎనిమిది దాటింది. శనివారానికి ఎనిమిది పాయింట్ ఒకటి వచ్చి నిలబడింది. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఊపిరి పీల్చుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆదివారం ఏమవుతుందోనని ఎవరికి వాళ్ళకు దిగులు. ఇంకొంచెం పోస్తే గట్టిగా ఉంటుందని అక్క తెల్లవారగానే చెంచా వదిలేసి గరిటె పట్టుకుంది. ఆవిడ తర్వాత ఎవరు పోశారో, వాళ్ళ తర్వాత ఎవరు పోశారో ఆవిడకు తెలియదు. టీ గ్లాసులు తీసుకుని హాల్లోకి వచ్చేసరికి తొట్టిలో మంచు కురుస్తోంది.

నిజంగా కురుస్తోంది. నీళ్ళ పైనుంచి తెల్లటి రేణువులు మెల్లగా, ఏ తొందరా లేకుండా కిందికి దిగుతున్నాయి. రాళ్ళు తెల్లబడ్డాయి. చేపలు రెండూ ఒక మూలకు చేరి, గొడుగు మరచిపోయినవాళ్ళలా నిలబడ్డాయి. పగడాలు వేళ్ళన్నీ లోపలికి లాక్కున్నాయి. పెట్టె మొహాన ఎనిమిది పాయింట్ ఆరు.

"పాసయ్యానా?" అంది చెల్లెలు, అంకె చూసి.

లిఫ్టాయన సోఫాలో కూలబడ్డాడు. "ఎవరు పోశారు?"

ఆఖరికి అక్కే నోరు విప్పింది.

"నేనేనండీ. వంటసోడా. కొంచెమే."

"ఎంత కొంచెం?"

"డబ్బా అయిపోయింది."

ఆయన తల పట్టుకునేలోగా చెల్లెలు చెయ్యెత్తింది. బస్టాండులో తప్పిపోయినవాళ్ళ తరఫున ఎత్తినట్టు ఎత్తింది. "నేను సున్నపునీళ్ళు పోశాను బావగారూ. అటక మీద మీ డబ్బాలోవే. మీరు రోజూ పోస్తారు కదా, అదే ఇంకాస్త పోస్తే నా ఊపిరికి సరిపోతుందనుకున్నా."

"సున్నపుతేట పొయ్యాలే. కలిపి, అడుక్కు దిగనిచ్చి, పైన తేరుకున్న నీళ్ళు చుక్కచుక్కగా వదలాలి."

"నేను బాగా గిలక్కొట్టి పోశాను. అడుగున ఉన్నది పారేస్తే దండగని."

లిఫ్టాయన నోరు తెరిచాడు. తిట్లు వస్తాయని ఇద్దరూ ఎదురుచూశారు. ఆయన నోరు మూశాడు. మళ్ళీ తెరిచాడు. నీళ్ళు నమిలాడు.

"మీరెందుకలా ఉన్నారు?" అంది అక్క. తర్వాత ఆవిడకు మూకుడు గుర్తొచ్చింది. "ఆ వేయించింది ఏంటండీ?"

"సోడానే" అన్నాడు చిన్న గొంతుతో. "వేయిస్తే దాని గుణం మారుతుంది. అంకె తొందరగా ఎక్కుతుంది."

"మీరు కూడానా?"

"ఏం చెయ్యను. ఆదివారం అని నోరు జారాను. అన్న మాట నేను వెనక్కి తీసుకోలేను కదా. నీళ్ళే తీసుకోవాలి." ఆయన మరదలి వంక చూడకుండా చేపల వంకే చూస్తున్నాడు. "ఈవిడ లిఫ్టులో కూర్చున్నాక దాని తాడు చప్పుడు కూడా మారింది. బాగుంది. ముప్పై ఏళ్ళు ఆ తాళ్ళతోనే ఉన్నా, ఒక్కటీ అలా పలకలేదు."

అక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముగ్గురూ ఒక మనిషిని ఇంట్లో ఉంచుకోవడానికి ఒక సముద్రాన్ని చంపబోతున్నారు. పగడాలు పోతే ఆయన ఎవరినీ ఏమీ అనడు, కానీ ఆ గోడ వంక చూసినప్పుడల్లా చెల్లెలికి తన తప్పే కనబడుతుంది. అలాంటి చోట అది ఒక్క పూట కూడా ఉండదు. అది అక్కకు బాగా తెలుసు.

"ఉప్పాయనకు ఫోన్ చెయ్యండి" అంది.

ఉప్పాయనంటే లిఫ్టాయనకు సముద్రపు ఉప్పు, చేపలు అమ్మే షాపతను. సన్నగా, ఎప్పుడూ తడిచేతులతో ఉంటాడు. అతను వచ్చి, పలక చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

"ముగ్గురున్నారుగా. నేను రావచ్చా?"

"వచ్చి చావవయ్యా" అన్నాడు లిఫ్టాయన.

ఉప్పాయన తొట్టి చూశాడు, అంకె చూశాడు, ముగ్గురి మొహాలూ చూశాడు. ఇలాంటి మొహాలు అతనికి కొత్త కాదు. "మీరు పోసిందంతా సుద్దయి రాలుతోంది, ఇక ఏదీ పొయ్యకండి. ఏదీ అంటే ఏదీ. విరుగుడు కూడా వద్దు. ఆల్కలినిటీ ఎక్కువైతే దాన్ని ఒక్కసారి లాగెయ్యకూడదు, పగడాల కొమ్మలు కాలిపోతాయి. కొత్త ఉప్పునీళ్ళు కలిపి రోజుకింత మారుద్దాం. అది అలా తగ్గుతుంది. ఈ అంకె మాత్రం ఇవాళే దిగాలి."

"ఎలా దిగుతుంది?"

"ఎలా దిగేది ఇన్నాళ్ళూ?" అన్నాడు ఉప్పాయన. "ఊపిరి పీల్చి వదలండి. మీ ముగ్గురి వల్లా కాదు గాని, ఇంకా ఎవరైనా ఉన్నారా?"

లిఫ్టాయన మొహంలో రంగులు మారాయి. ఇన్నేళ్ళుగా మెట్ల మీద కూర్చోబెట్టినవాళ్ళందరూ ఒక్కొక్కరే ఆయన కళ్ళముందు కనబడి ఉంటారు. లేచి ఫోన్ అందుకున్నాడు.

"బావగారూ, నేనే. ఆ, బాగానే ఉన్నాం. ఒకసారి ఇంటికి వస్తారా. లేదు, లోపలికే. సోఫాలోనే. మీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఫోన్‌లో వద్దు, వచ్చి చెప్పండి. పూర్తిగా చెప్పండి."

పాయింట్ రెండు తమ్ముడు గంటలోపే దిగాడు. కొరివితో తల గోక్కోవడమేమోనని గుమ్మంలో అనుమానంగా నిలబడ్డాడు. ఈలోగా చెల్లెలు లిఫ్టులోకి వెళ్ళి తన పాత గొంతు తీసింది. "మేడవాసులకు విజ్ఞప్తి. మొదటి అంతస్తులో హాలు ఖాళీగా ఉన్నది. ఊపిరితిత్తులు బాగున్నవారు వెంటనే బయలుదేరవలెను." టీచరమ్మ వచ్చింది. అర పాయింట్ వచ్చాడు. ఎవరో పుట్టినరోజనుకుని ఒకాయన బిస్కట్లు తెచ్చాడు. తలుపు మూశారు. ఫ్యాను ఆపారు.

"ఏం చెయ్యాలి?" అని అడిగింది టీచరమ్మ.

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఉండండి చాలు" అన్నాడు ఉప్పాయన.

ఊరికే ఉండమంటే మొదట ఎవరికీ చేతకాలేదు. తర్వాత పాయింట్ రెండు తన మోకాలి సంగతి ఎత్తుకున్నాడు. టీచరమ్మ తన మోకాలి సంగతి అందుకుంది. ఏళ్ళ తరబడి అర పాయింటుకే పరిమితమైన ఆవిడ భర్త, నా మోకాలి గురించి ఇంట్లో ఎవరూ అడగరు అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడాడు. అందరూ నవ్వారు. చెమటలు పట్టాయి. లిఫ్టాయన పెట్టె పక్కన నిలబడి అంకె చెబుతుంటే చెల్లెలు దాన్ని బస్సులా ప్రకటించింది. "ఎనిమిది పాయింట్ ఐదు బయలుదేరినది. ఎనిమిది పాయింట్ నాలుగు మరి కొద్ది సేపట్లో రానున్నది." మంచు పలచబడింది. ఎనిమిది పాయింట్ రెండు దగ్గర ఒక పగడం ఒకే ఒక్క వేలు బయటపెట్టి చూసింది. లిఫ్టాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకు చెమట పట్టిందన్నాడు.

"ఇక చాలు, ఇంటికి వెళ్ళొచ్చు అందరూ" అన్నాడు ఉప్పాయన.

కుర్చీలు వెనక్కి జరిగాయి. చెప్పులు వెతుక్కుంటున్నారు. అక్క కాళ్ళు వాటంతటవే స్నానాలగది వైపు తిరిగాయి. అప్పుడు ఉప్పాయన మాట వినబడింది.

"ఇవాళంటే గండం గడిచింది. రేపట్నుంచీ మళ్ళీ ముగ్గురేగా. మళ్ళీ దిగుతుంది, మళ్ళీ మీరేదో పోస్తారు. ఇంతకీ ఈ కిటికీ ఎందుకు మూశారు? బయటి గాలి వస్తే అంకె దానంతటదే నిలబడుతుంది. ఏమీ పొయ్యక్కర్లేదు, ఎవర్నీ పంపక్కర్లేదు."

"దుమ్మయ్యా. మా ఆవిడ ముందుచూపు" అన్నాడు లిఫ్టాయన.

చెల్లెలు కిటికీ వంక చూసింది. తర్వాత అక్క వంక చూసింది. అమ్మ వెళ్ళిన రోజున ఆవిడ కూడా ఆ ఇంట్లోనే ఉంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు. నేను హాస్టల్లో బాగానే ఉంటానక్కా. భోజనం కూడా బాగుంటుందట" అని మాత్రం అంది.

అక్క స్నానాలగదిలోకి వెళ్ళింది. కొళాయి మీద చెయ్యి వేసింది. తిప్పలేదు. వెనక్కి వచ్చి, మొగుడి పనిముట్ల పెట్టె తెరిచి, మేకులు పీకే పటకారు తీసింది.

"దుమ్ము కాదండీ" అంది. లిఫ్టాయన అడగబోయి, ఆవిడ స్టూలు ఎక్కడం చూసి, వెళ్ళి దాన్ని పట్టుకున్నాడు.

మేకులు తుప్పుపట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏడుస్తూ బయటికొచ్చింది. తలుపులు తెరుచుకోగానే మొదట నిజంగానే దుమ్ము వచ్చింది, అందరూ దగ్గారు. తర్వాత గాలి వచ్చింది. కింద వీధి, వీధి చివర మలుపు. అంతా అలాగే ఉంది. మలుపు తానేమీ ఎరగనట్టుంది.

చుట్టాలు, మేడవాళ్ళు వెళ్ళారు. తమ్ముడు మలుపు దగ్గర తిరిగి చెయ్యి ఊపాడు. అక్క కిటికీ పట్టె గట్టిగా పట్టుకుని నిలబడింది. ఊపిరి బిగబట్టింది. వెనకనుంచి లిఫ్టాయన, "వదులు, వదులు, ఇప్పుడు ఏం కాదు" అన్నాడు.

మర్నాడు అంకె ఎనిమిది పాయింట్ ఒకటి. ఆ మర్నాడూ అంతే. చుక్కలు పదమూడయ్యాయి, పన్నెండయ్యాయి, రోజుకింత చొప్పున దిగుతూ వచ్చాయి. రెండు కొమ్మల చివర్లు తెల్లగా కాలి అలాగే ఉండిపోయాయి. మిగతావి వేళ్ళు చాపాయి. లిఫ్టాయన కుర్చీ వేసుకుని పలక మీద "ఇద్దరికి" అన్న కాగితం గోటితో గీకాడు. కింద పాత మాట బయటపడింది.

"నలుగురికని ఉంది. ముగ్గురికని రాయనా?"

"ఉండనీండి. రాసేదేముంది" అంది అక్క.

చెల్లెలు ట్రంకుపెట్టెలోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టుకుంది. పొద్దున్నే లిఫ్టులో స్టూలు మీద కూర్చుని, పదకొండింటికి పాలకు వెళ్తుంది. వెళ్ళే ప్రతిసారీ మలుపు దగ్గర తిరిగి చెయ్యి ఊపుతుంది. వద్దే అని అక్క ఎన్నిసార్లు చెప్పినా మానదు. అక్క ప్రతిసారీ కిటికీ దగ్గరికి పరిగెత్తి, గుండె అరచేతిలో పెట్టుకుని మలుపు వంకే చూస్తూ నిలబడుతుంది. మొగుడు పెట్టె ముందు కూర్చుని ఉంటాడు.

"పాయింట్ ఒకటి ఎక్కింది" అంటాడు. చెల్లెలు ఇల్లు దాటిందన్నమాట.

కిటికీ తెరిచి ఉండగా ఒక్క మనిషికి అంకె అంతగా మారదని ఉప్పాయన ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళిద్దరూ నమ్మలేదు. అక్క చూస్తూనే ఉంటుంది. పాలవాడి కొట్టు దగ్గర ఇవాళ కబుర్లెక్కువయ్యాయేమో, ఆలస్యమవుతుంది. అక్క చెయ్యి తనకు తెలియకుండానే పట్టె మీద బిగుసుకుంటుంది. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు, మళ్ళీ పైకి వస్తున్న చప్పుడు. "మొదటి అంతస్తు" అని ఎవరో ఎవరికో గట్టిగా చెబుతున్నారు.

"దిగిందోయ్" అంటాడు లిఫ్టాయన, దిగులు నటిస్తూ.

"దిగనీండి" అని అక్క వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెడుతుంది.